చైనా సంప్రదాయ కుంచె చిత్రలేఖనం - ప్రాథమిక అభ్యాసం

చైనా సంప్రదాయ కుంచె చిత్రలేఖనం నల్లసిరా, నీరు, మొనదేలిన కుంచెల సహాయంతో పలుచని కాగితంపైన గాని పట్టువస్త్రంపైన గాని చిత్రాలు వేసే ప్రాచీన కళ. తైలవర్ణ చిత్రాలలో వేసినదానిపై మరల రంగు పూసి తప్పు సరిదిద్దుకోవచ్చును. సిరాను పీల్చుకొనే కాగితంపై వేసే చైనా చిత్రాలలో అటువంటి అవకాశం దాదాపుగా లేదు. కుంచె తాకిన మరుక్షణమే సిరా కాగితంలోకి ఇంకిపోతుంది. చేయి తొట్రుపడినా, తొందరపడినా, ఆగిపోయినా ఆ జాడ చెరగకుండా నిలిచిపోతుంది. అందుచేత ఈ కళలో తొలిదశ శిక్షణ వస్తువు పోలికను సాధించడానికంటె ముందు చేతిని, నీటిని, సిరాను అదుపులో ఉంచుకోవడానికే ప్రాధాన్యమిస్తుంది. పూర్వ చిత్రకారుల రచనలకు ప్రతులు వేయడం ఈ శిక్షణలో ముఖ్యభాగం. ఈ పద్ధతి విద్యార్థిని నిలబెడుతుందా, అణచివేస్తుందా అన్న విషయమై చైనాలోనే చాలా చర్చ జరిగింది.

పేరు

చైనా భాషలో ఈ కళను "గువొహువా" అంటారు. దీనికి "దేశీయ చిత్రలేఖనం" అని అర్థం. పాశ్చాత్య తైలవర్ణ చిత్రకళ చైనాలో ప్రవేశించిన తరువాత, దానినుండి వేరుగా గుర్తించడానికి 20వ శతాబ్ది తొలి దశకాలలో ఈ మాట విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. రంగులు లేకుండా, లేదా స్వల్పంగా మాత్రమే వాడి, సిరాతో వేసే చిత్రాలను "షుయిమొహువా" (నీరు-సిరా చిత్రం) అంటారు.

చరిత్ర

హూనాన్ రాష్ట్రంలోని చాంగ్‌షా పరిసరాలలో క్రీ.పూ. 3వ శతాబ్దికి ముందటి సమాధులలో పట్టుగుడ్డపై వేసిన చిత్రాలు దొరికాయి. 1954లో అక్కడే ఒక సమాధిలో ఆ కాలపు కుంచె కూడా బయటపడింది. చిన్ వంశపు సేనాని మెంగ్ తియెన్ కుంచెను కనిపెట్టాడన్న కథ చైనాలో ప్రసిద్ధమే కాని, కుంచె అతనికంటె ముందునుండే వాడుకలో ఉన్నదని ఇటువంటి ఆధారాల వల్ల తెలుస్తున్నది.

క్రీ.శ. 4వ శతాబ్దికి చెందిన గు కైజి పేరెన్నికగన్న తొలి చిత్రకారులలో ఒకడు. అతడు స్వయంగా వేసినవని నిశ్చయంగా చెప్పదగిన చిత్రాలేవీ నేడు మిగలలేదు. లండనులోని బ్రిటిష్ మ్యూజియంలో అతని పేరుతో ఉన్న ప్రసిద్ధమైన పట్టు చుట్ట తరువాతి కాలపు ప్రతి అని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. అనగా అతని కళ లోకానికి తెలిసింది ప్రతులు వేసినవారి చేతుల మీదుగానే.

6వ శతాబ్దిలో షియె హ అనే విమర్శకుడు చిత్రలేఖనానికి ఆరు సూత్రాలు చెప్పాడు. అవి:

* చిత్రంలో ప్రాణస్పందన ఉండడం
* కుంచె వాడుకలో ఎముక వంటి బలం ఉండడం
* వస్తువుకు తగిన రూపం ఇవ్వడం
* వస్తుజాతికి తగిన రంగు వేయడం
* చిత్రంలో ఆయా అంశాలకు తగిన స్థానం కల్పించడం
* పూర్వుల రచనలకు ప్రతులు వేయడం ద్వారా సంప్రదాయాన్ని అందించడం

ప్రాణస్పందన మొదటి సూత్రం, ప్రతిరచన చివరి సూత్రం. అభ్యాసం మాత్రం సాధారణంగా చివరిదానితో మొదలై మొదటిదానివైపు సాగుతుంది.

సుంగ్ వంశపు కాలంలో (960-1279) ప్రకృతి చిత్రణ ఉచ్ఛస్థితిని అందుకొన్నది. గువొ షి 1072లో వేసిన "తొలి వసంతం" తైపేలోని జాతీయ ప్రాసాద మ్యూజియంలో ఉన్నది. ఆ కాలంలోనే సూ షీ (1037-1101), అతని బంధువు, మిత్రుడు అయిన వెన్ తొంగ్ (1018-1079) వంటి పండితులు వృత్తి చిత్రకారులకు భిన్నమైన మార్గాన్ని చూపారు. వస్తువు పోలికకంటె వేసేవాని అంతరంగమే ముఖ్యమని వారి అభిప్రాయం. యువాన్ వంశపు కాలంలో జావో మెంగ్‌ఫు (1254-1322) అక్షరలేఖనానికి, చిత్రలేఖనానికి మూలం ఒక్కటేనని ప్రతిపాదించాడు. నేటికీ చాలామంది గురువులు చిత్రలేఖనంతోపాటు అక్షరలేఖనాన్ని కూడా నేర్పడానికి ఇదే కారణం.

నాలుగు నిధులు

కుంచె, సిరా, కాగితం, సిరారాయి - ఈ నాలుగింటిని చైనావారు "విద్యామందిరపు నాలుగు నిధులు" అంటారు.

కుంచె: వెదురు కాడకు జంతువుల వెంట్రుకలు బిగించి తయారుచేస్తారు. మేక వెంట్రుకల కుంచె మెత్తగా ఉండి నీటిని ఎక్కువగా పట్టి ఉంచుతుంది. పూరేకులు, ఆకులు, పలుచని పూతలకు ఇది అనువైనది. "తోడేలు వెంట్రుకలు" అని పేరున్న కుంచె నిజానికి ముంగిసను పోలిన వీజల్ అనే జంతువు వెంట్రుకలతో చేసినది. ఇది గట్టిగా, స్ప్రింగువలె ఉండి సన్నని గీతలకు, వెదురు కణుపులకు ఉపయోగపడుతుంది. రెండు రకాల వెంట్రుకలు కలిపి చేసిన కుంచె కొత్తగా నేర్చుకొనేవారికి సులువుగా ఉంటుంది. జెజియాంగ్ రాష్ట్రంలోని హుజౌ కుంచెలకు పేరు పొందినది. మొన సూదిగా ఉండడం, వెంట్రుకలు సమానంగా ఉండడం, ఆకారం గుండ్రంగా ఉండడం, వంగినా తిరిగి నిలబడే శక్తి ఉండడం - ఇవి మంచి కుంచెకు నాలుగు లక్షణాలు.

సిరా: పైన్ కట్టె మసిని గాని నూనె దీపపు మసిని గాని జంతు సంబంధమైన జిగురుతో ముద్దచేసి, అచ్చులలో పోసి ఆరబెట్టి సిరాకడ్డీలు చేస్తారు. నూనె మసి సిరా నిగనిగలాడుతుంది. పైన్ మసి సిరాకు మెరుపు తక్కువ. అన్హుయ్ రాష్ట్రపు హుయ్‌జౌ ప్రాంతం దీనికి ప్రసిద్ధం. 1865లో బీజింగులో ప్రారంభమైన యీదగె దుకాణం సీసా సిరాకు ప్రచారం తెచ్చింది. నేటి విద్యార్థులు ఎక్కువగా సీసా సిరానే వాడుతున్నారు.

కాగితం: "షువాన్" కాగితం అన్హుయ్ రాష్ట్రంలోని జింగ్ జిల్లాలో తయారవుతుంది. నీలిచందనం అని పిలిచే ఒక చెట్టు బెరడు, వరిగడ్డి దీని ముడిపదార్థాలు. దీని తయారీ విధానం 2009లో యునెస్కో అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేరింది. ఇందులో రెండు ముఖ్య రకాలున్నవి. "పచ్చి" కాగితం ఒకప్పుడు బడులలో వాడిన అద్దుడు కాగితంవలె సిరాను పీల్చుకొంటుంది. పటిక, జిగురు కలిపిన నీటితో పదునుపెట్టిన "పండిన" కాగితంపై సిరా పాకదు. సాధనకు వెదురు గుజ్జుతో చేసిన పసుపురంగు చవక కాగితాన్ని వాడతారు. పాత వార్తాపత్రికలపై గీతలు సాధన చేయడం కూడా వాడుకలో ఉన్నది.

సిరారాయి: సిరాకడ్డీని అరగదీసే నునుపైన రాయి. గువాంగ్‌డొంగ్ రాష్ట్రంలోని జావోచింగ్ ప్రాంతపు "డువాన్" రాళ్ళు ప్రసిద్ధమైనవి. రాతిపై కొద్ది చుక్కల నీరు పోసి, కడ్డీని నిలువుగా పట్టుకొని, ఒత్తకుండా నెమ్మదిగా గుండ్రంగా అరగదీయాలి. పని ముగిసిన తరువాత కడ్డీని తుడిచి ఆరబెట్టకపోతే అది పగులుతుంది.

ఇవి కాక రెండు నీటి పాత్రలు (ఒకటి కుంచె కడగడానికి, ఒకటి శుభ్రమైన నీటికి), తెల్లని పింగాణీ పళ్ళెం, కాగితం కింద పరచడానికి ఉన్ని గుడ్డ, కాగితం కదలకుండా పెట్టే బరువులు అవసరం.

శైలులు

* గొంగ్‌బి: పదునుపెట్టిన కాగితంపై లేక పట్టుపై సన్నని చుట్టురేఖలు గీసి, పొరలు పొరలుగా రంగులు నింపే సూక్ష్మశైలి. దీనికి ఓర్పు, నిలకడ అవసరం.
* షియెయి: "భావాన్ని వ్రాయడం" అని అర్థం. పచ్చి కాగితంపై కొద్దిపాటి కుంచె వేటులతో వస్తుసారాన్ని పట్టుకొనే శైలి.
* మొగు: "ఎముకలు లేని" శైలి. చుట్టురేఖ లేకుండా నేరుగా సిరాతో లేదా రంగుతో ఆకారాన్ని తెచ్చే పద్ధతి.
* బైమియావొ: రంగు, ఛాయ లేకుండా కేవలం రేఖలతో వేసే శైలి.

షియెయి చూడడానికి సులువుగా కనిపిస్తుంది. గీతలు తక్కువ కావడంవల్ల ప్రతి గీతా బయటపడుతుంది కాబట్టి నిజానికి ఇదే కష్టమైనది. అయినా కుంచె స్వభావం త్వరగా బోధపడుతుందన్న కారణంతో చాలామంది గురువులు వెదురు వంటి సరళమైన షియెయి చిత్రాలతోనే పాఠం ప్రారంభిస్తారు.

అభ్యాసక్రమం

కుంచె పట్టుకొనే విధానం

కుంచెను నిలువుగా, అయిదు వేళ్ళ సహాయంతో పట్టుకోవాలి. బొటనవ్రేలు, చూపుడు వ్రేలు, నడిమి వ్రేలు కాడను బిగించి ఉంచగా మిగిలిన రెండు వ్రేళ్ళు వెనుకనుండి ఆధారమిస్తాయి. అరచేయి ఖాళీగా ఉండాలి. చిన్న గీతలకు మణికట్టును బల్లపై ఆనించవచ్చును. పెద్ద గీతలకు మోచేయితో సహా పైకెత్తి, భుజంనుండి కదలిక తేవాలి. పెన్నుతో, పెన్సిలుతో వ్రాయడానికి అలవాటుపడిన వ్రేళ్ళకు ఇది మొదట ఇబ్బందికరంగా ఉంటుంది.

కుంచె మొన గీతకు నడిమధ్యగా సాగితే దానిని "నడిమొన" అంటారు. గీత గుండ్రంగా, బలంగా వస్తుంది. కుంచెను పక్కకు వంచి వేస్తే "పక్కమొన" అంటారు. వెడల్పైన, గరుకైన పూత వస్తుంది. కుంచెలో తడి తక్కువగా ఉండి వేగంగా లాగినప్పుడు గీత మధ్యలో కాగితపు తెలుపు చారలుగా కనబడుతుంది. దీనికి "ఎగిరే తెలుపు" అని పేరు.

అక్షరలేఖనంలో "శాశ్వతం" అనే అర్థమున్న "యొంగ్" అక్షరాన్ని ముందుగా నేర్పుతారు. ఆ ఒక్క అక్షరంలోనే ఎనిమిది మూల గీతలు ఉన్నవి. కుంచె ఒత్తడం, నిలపడం, తిప్పడం, ఎత్తడం దీనివల్ల అలవడుతుంది.

సిరా, నీరు

సిరాలో అయిదు రంగులున్నవని చైనావారి నానుడి. కాలిన నలుపు, చిక్కనిది, ముదురు, లేత, తేటనీటి వంటిది - ఇవి ఆ అయిదు ఛాయలు. కుంచెను మొదట నీటిలో తడిపి, లేత సిరా పట్టించి, చివరగా మొనను మాత్రం చిక్కని సిరాలో ముంచి పక్కకు వాల్చి గీస్తే ఒక్క గీతలోనే నలుపునుండి లేత బూడిదరంగు వరకు ఛాయలు వస్తాయి.

కుంచెలో ఎంత నీరు ఉన్నదో తెలుసుకోవడం మొదటి పెద్ద పాఠం. నీరు ఎక్కువైతే గీత కాగితంపై పాకి మరకవుతుంది. తక్కువైతే మధ్యలోనే ఎండిపోతుంది. తడిగా ఉన్నప్పుడు నల్లగా కనిపించే సిరా ఆరిన తరువాత లేతగా మారుతుంది. గాలిలోని తేమను బట్టి కూడా ఫలితం మారుతుంది. అందుచేత ప్రతిరోజు చిత్రం మొదలుపెట్టే ముందు అదే రకపు చిన్న కాగితపు ముక్కపై గీతను పరీక్షించుకోవడం మంచి అలవాటు.

నలుగురు సజ్జనులు

ఆర్కిడ్, వెదురు, చేమంతి, ప్లమ్ పూవు - ఈ నాలుగింటిని "నలుగురు సజ్జనులు" అంటారు. ఇవి వరుసగా వసంత, గ్రీష్మ, శరత్, శీతకాలాలకు సంకేతాలు. ఆర్కిడ్ ఎవరూ చూడనిచోట కూడా పరిమళించే వినయానికి, వెదురు వంగినా విరగని నిబ్బరానికి, చేమంతి చలికి వెరవని ఏకాంతానికి, ప్లమ్ మంచులో పూచే ధైర్యానికి గుర్తులు. చిత్రలేఖనంలో అవసరమయ్యే గీతలు చాలావరకు ఈ నాలుగింటిలోనే ఇమిడి ఉండడంవల్ల ఇవి పాఠ్యక్రమంగా కూడా స్థిరపడ్డాయి.

వెదురు: కాండాన్ని ఒక్కొక్క కణుపుగా, సాధారణంగా కిందినుండి పైకి వేస్తారు. కుంచెను ఒత్తి, క్షణం ఆపి, సమమైన వేగంతో పైకి నడిపి, మరల ఆపి ఎత్తాలి. కణుపుకు కణుపుకు మధ్య కొద్ది సందు వదలాలి. మొదటివద్ద కణుపులు పొట్టిగా, నడుమ పొడవుగా, చివర మరల పొట్టిగా ఉంటాయి. కాండం పూర్తిగా ఆరకముందే చిక్కని సిరాతో ఆ సందులలో కణుపు గుర్తులు పెడతారు. కొమ్మలు కణుపులనుండే ఒకసారి ఒకవైపు, మరొకసారి మరొకవైపు పుట్టాలి. ఆకుకు కుంచెను ఒత్తి, క్రమంగా ఎత్తుతూ మొనతో ముగించాలి. ఎండలో ఆకులు నిక్కి ఉంటాయి, వానలో వాలి ఉంటాయి, గాలిలో ఒకే దిక్కుకు సాగుతాయి.

ఆర్కిడ్: మొదటి ఆకు పొడవైన ఒకే వంపు. రెండవ ఆకు దానిని ఖండిస్తుంది. రెంటి నడుమ ఏర్పడే కంటి ఆకారపు ఖాళీని "ఫీనిక్స్ కన్ను" అంటారు. మూడవ ఆకు ఆ కన్నును చీల్చుకొని పోతుంది. గీత మధ్యలో కుంచెను ఒత్తి ఎత్తడంవల్ల ఆకు మెలితిరిగినట్లు కనిపిస్తుంది.

ప్లమ్: ముదురు కొమ్మకు తడి తక్కువైన కుంచె, లేత రెమ్మకు వేగమైన గీత, పూరేకులకు మృదువైన గుండ్రని రేఖ కావాలి. బలమూ సౌకుమార్యమూ ఒకే చిత్రంలో సాధించవలసి ఉంటుంది.

చేమంతి: ఎన్ని రేకులున్నా అన్నీ పూవు నడిబొడ్డుకే చేరాలి. పలు గీతలను ఒకే కేంద్రానికి తేవడం ఇందులోని పాఠం.

తరువాతి దశలలో పక్షులు, కీటకాలు, చెట్లు, రాళ్ళు, కొండలు నేర్చుకొంటారు. రాతి గరుకుదనాన్ని చూపే గీతలకు "జనపనార గీత", "గొడ్డలివేటు గీత" వంటి పేర్లున్నవి.

ఖాళీ స్థలం

చైనా చిత్రంలో వదిలివేసిన తెలుపు కూడా చిత్రంలో భాగమే. అది సందర్భాన్ని బట్టి ఆకాశం, నీరు, పొగమంచు కావచ్చును. కాగితమంతా నింపాలన్న కోరికను అణచుకోవడం కొత్తవారికి ఒక అభ్యాసం.

ప్రతిరచన - వాదోపవాదాలు

ప్రతిరచనలో సంప్రదాయంగా మూడు మెట్లున్నవి. మూలంపై పలుచని కాగితం పెట్టి దించడం "మొ". మూలాన్ని ఎదుట పెట్టుకొని చూసి వేయడం "లిన్". మూలం లేకుండా ఆ చిత్రకారుని ధోరణిలో స్వంతంగా వేయడం "ఫాంగ్". వీటితోపాటు ప్రకృతిని చూసి వేసే "షియెషెంగ్" కూడా అవసరమని పెద్దల మాట. తన ప్రతిపై మూలచిత్రకారుని పేరు పేర్కొనడం మర్యాద. ఆ మర్యాదను దాటినప్పుడు ప్రతి నకిలీ అవుతుంది. 20వ శతాబ్దపు గొప్ప చిత్రకారులలో ఒకడైన జాంగ్ దాచియెన్ (1899-1983) పూర్వుల పేరుతో వేసిన చిత్రాలు నిపుణులను సైతం మోసగించాయి.

గురువు అందుబాటులో లేనివారికి "ఆవగింజ తోట చిత్రలేఖన గ్రంథం" ముఖ్యాధారమైనది. దీని మొదటి భాగం 1679లో, తరువాతి భాగాలు 1701లో వెలువడ్డాయి. నాన్జింగులో రచయిత లి యూ నివాసానికి ఉన్న పేరే ఈ గ్రంథానికి వచ్చింది. వాంగ్ గై కూర్చిన మొదటి భాగంలో చెట్లు, రాళ్ళు, కొండలు, మానవాకృతులు ఉన్నవి. నలుగురు సజ్జనులు, పూలు, పక్షులు, కీటకాలు తరువాతి భాగాలలో చేరాయి. ఒక్కొక్క ఆకు, ఒక్కొక్క కొమ్మ ఏ వరుసలో వేయాలో చెక్క అచ్చు బొమ్మలతో చూపడం దీని ప్రత్యేకత. అంతవరకు ఇళ్ళలో దాచుకొన్న చుట్టలను చూడగలిగినవారికే పరిమితమైన విద్య దీనివల్ల సామాన్యులకు అందింది.

అయితే గ్రంథంలోని చెట్టునే చెట్టుగా భావించి, బయటి చెట్టును చూడడం మానివేసినవారు కూడా బయలుదేరారు. 20వ శతాబ్దిలో షూ బెయ్‌హొంగ్ (1895-1953) వంటివారు ఈ ధోరణిని తీవ్రంగా విమర్శించి, ప్రకృతిని నేరుగా చూసి గీయడమే చిత్రవిద్యకు పునాది అని వాదించారు. వెదురు చిత్రాలకు ప్రసిద్ధుడైన జెంగ్ షియె (1693-1765) అంతకుముందే కంటికి కనబడే వెదురు, మనసులో నిలిచే వెదురు, చేతినుండి వెలువడే వెదురు ఒక్కటి కావని గుర్తించాడు.

చీ బైషీ ఉదాహరణ

ఈ వాదంలోని రెండు పక్షాలకూ ఉదాహరణగా నిలిచినవాడు చీ బైషీ (1864-1957). హూనాన్ రాష్ట్రంలోని షియాంగ్‌తాన్ ప్రాంతంలో పేద రైతు కుటుంబంలో పుట్టాడు. బడిలో చదివినది ఏడాదికంటె తక్కువ. వడ్రంగం నేర్చి, చెక్కపై బొమ్మలు చెక్కి జీవించేవాడు. సుమారు 1882లో పనికి వెళ్ళిన ఒక ఇంటిలో ఆవగింజ తోట గ్రంథం కనిపించగా, దానిని అరువు తెచ్చుకొని, పగటి పని ముగిసిన తరువాత దీపపు వెలుగులో కొన్ని నెలలపాటు బొమ్మలన్నిటినీ దించుకొన్నాడు. ఆ ప్రతియే అతని తొలి గురువు.

అతడు అక్కడ ఆగిపోలేదు. రొయ్యలను పాత్రలో పెంచి, వాటి కదలికను ఏళ్ళ తరబడి పరిశీలించి వేశాడు. బీజింగులో స్థిరపడిన తరువాత, అరువది ఏళ్ళకు చేరువవుతున్న వయసులో, మిత్రుడు చెన్ షిజెంగ్ సలహాపై తన శైలినే మార్చుకొన్నాడు. కొద్ది గీతలతో నీటిలో కదిలే రొయ్యను చూపిన అతని ప్రసిద్ధ చిత్రాలలో నీరు గీసి ఉండదు, తెల్లని కాగితమే నీరు. తన పద్ధతిని నేర్చినవాడు బ్రతుకుతాడని, తన పోలికను దించినవాడు నశిస్తాడని శిష్యులను హెచ్చరించినట్లు ప్రసిద్ధి. ప్రతిరచనతో చదువు మొదలుపెట్టినవాడే ఈ హెచ్చరిక చేయడం గమనింపదగినది.

కొత్తవారిలో కనిపించే సామాన్య దోషాలు

* వేసిన గీతపై మరల కుంచె పెట్టి దిద్దడం. ఇది తప్పును దాచదు, రెండింతలు చేస్తుంది. చెడిన గీతను అలాగే వదిలి, తరువాతి గీతను దానికి తగినట్లు వేయడం నేర్చుకోవాలి.
* ముందుగా పెన్సిలుతో గీసి దానిపై సిరా నింపడం. దీనివల్ల గీతలో ప్రాణం పోతుంది.
* అన్ని ఆకులను ఒకే పొడవు, ఒకే ఛాయలో వేయడం.
* నీటిరంగుల కోసం చేసిన మందపు కాగితంపై సాధన చేసి, సిరా పాకడంలేదని సంతృప్తిపడడం.
* కుంచెను సిరాతోనే ఎండనివ్వడం. పని ముగిసిన వెంటనే చల్లని నీటితో కడిగి, మొన సవరించి, మొన కిందికి ఉండేట్లు వ్రేలాడదీయాలి.
* ఒకేరోజు ఎన్నో విషయాలు ప్రయత్నించడం. ఒకే ఆకును అనేకసార్లు వేయడంవల్ల కలిగే ప్రయోజనం ఎక్కువ.

చిత్రం ముగింపు

చిత్రం పూర్తయిన తరువాత తేదీ, పేరు, కొన్నిసార్లు కవిత వ్రాసి ఎర్రని ముద్ర వేస్తారు. ముద్ర స్థానం చిత్రపు తూకాన్ని మారుస్తుంది కాబట్టి దానిని కూడా ఆలోచించి వేయాలి. పలుచని కాగితం సిరా తడికి ముడతలు పడుతుంది. దానిని పిండి జిగురుతో వేరొక కాగితంపై అతికి, చదునుచేసి ఆరబెట్టిన తరువాత చుట్టగా గాని చట్రంలో గాని అమరుస్తారు. ఈ పనికి ప్రత్యేకమైన నిపుణులున్నారు.

భారతదేశంతో సంబంధం

1924లో రవీంద్రనాథ్ ఠాగూరు చైనా పర్యటనలో చిత్రకారుడు నందలాల్ బోస్ కూడా వెంట వెళ్ళాడు. 1937లో శాంతినికేతనంలో చీనా భవన్ ప్రారంభమైనది. 1939 చివర షూ బెయ్‌హొంగ్ అక్కడికి వచ్చి, ఠాగూరు చిత్తరువును వేశాడు. కొండలను తవ్విన వృద్ధుని చైనా కథ ఆధారంగా అతడు వేసిన ప్రసిద్ధ చిత్రం 1940లో భారతదేశంలోనే రూపుదిద్దుకొన్నది. నందలాల్ బోస్ తూర్పు ఆసియా కుంచె పద్ధతులను కళాభవన్ శిక్షణలోకి తెచ్చాడు. తెలంగాణకు చెందిన ప్రసిద్ధ చిత్రకారుడు కొండపల్లి శేషగిరిరావు (1924-2012) శాంతినికేతనంలో ఆయనవద్ద శిక్షణ పొందాడు.

వాత్స్యాయన కామసూత్రాలకు యశోధరుడు వ్రాసిన వ్యాఖ్యలో చిత్రకళకు "షడంగాలు" చెప్పబడినవి. వీటిని షియె హ చెప్పిన ఆరు సూత్రాలతో పోల్చిన విమర్శకులున్నారు. సంఖ్య సమానమైనా రెండు జాబితాలు ఒకటి కావు. ప్రతిరచన ద్వారా సంప్రదాయాన్ని అందించడమన్న సూత్రం షడంగాలలో లేదు. చైనా అభ్యాసపద్ధతిలోని ప్రత్యేకత కూడా అదే.